కాటా గదిలోని పాత కంప్యూటర్: ఒక టూల్‌కిట్ ప్లాట్‌ఫామ్ మద్దతు కేసు

నేపథ్యం

పాత నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పరిధిలో రైస్ మిల్లులకు, పత్తి మిల్లులకు, పల్లికాయ కొనే వ్యాపారులకు లారీ కాటా సాఫ్ట్‌వేర్ చేసిచ్చే డెవలపర్లం ఐదుగురం కలిసి ఒక టూల్‌కిట్‌ను నడుపుతున్నాము. ఎవరి గిరాకీలు వారివే, ఎవరి బిల్లులు వారివే. అయితే కాటా యంత్రం నుంచి బరువు చదవడం, దాన్ని తెరమీద చూపడం, తూకం చిట్టీని తెలుగులో అచ్చు వేయడం అనే మూడు పనులు అందరికీ ఒకటే కనుక, ఆ మూడింటి కోడ్‌ను ఒకచోట పెట్టుకుని, నెలకోసారి ఫోన్‌లో కూడి ఏం మెరుగుపరచాలో, ఏ విండోస్‌లో నడిపించాలో మాట్లాడుకుంటాము. టూల్‌కిట్ మొత్తం, తెర మీది కిటికీలు, బటన్ల వంటివాటిని సిద్ధంగా ఇచ్చే క్యూటి అనే సాఫ్ట్‌వేర్ కట్ట 5.15 వెర్షన్ మీద సీ ప్లస్‌ప్లస్‌లో రాసినది.

ఇక్కడ రాస్తున్న కేసు నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని ఒక రైస్ మిల్లుది. మిల్లు పేరు, ఊరు, యజమాని వివరాలు ఇవ్వడం లేదు. గుర్తుపట్టడానికి వీలున్న ఒకటి రెండు చిన్న సంగతులను మార్చాను. తక్కినదంతా జరిగింది జరిగినట్టే.

ఆ మిల్లులో రెండు కంప్యూటర్లున్నాయి. ఆఫీసులో గుమాస్తా ముందు కొత్త ల్యాప్‌టాప్, విండోస్ 10తో ఉంది. కాటా గదిలో మాత్రం 2 జీబీ మెమరీ ఉన్న పాత పెట్టె, 32 బిట్ విండోస్ 7తో నడుస్తున్నది. దాని మదర్‌బోర్డు మీదే, కాటా వంటి యంత్రాల తీగ బిగించే సీరియల్ పోర్టు ఉంది. బరువును అంకెల్లో చూపే కాటా ఇండికేటర్ నుంచి వచ్చే తీగను ఎన్నడో ఒకనాడు అందులో బిగించి, రెండు మరలూ గట్టిగా తిప్పి, పైన టేపు చుట్టారు. గదికి ఒక పక్క ఊక కుప్ప, మరో పక్క లారీలు తిరిగే మట్టి దారి. కీబోర్డు మీద ఎప్పుడు చూసినా సన్నని ఊక దుమ్ము పొరలాగా పరుచుకుని ఉంటుంది. కొత్త కంప్యూటర్‌ను ఆ దుమ్ములో పెట్టడానికి యజమాని ఒప్పుకోలేదు. అది పిసినారితనమని మాలో కొందరు మొదట అనుకున్నారు. ఆ గదిలో ఒక రోజంతా కూర్చున్న తరువాత ఆయన చెప్పింది సబబేనని నాకు తోచింది.

చర్చ మొదలైన తీరు

2023 మొదట్లో మా నెలవారీ ఫోన్‌లో రెండు కోరికలు ఒకేసారి వచ్చాయి. మొదటిది మెరుగుదల: మిల్లుల యజమానులు కొంటున్న కొత్త ల్యాప్‌టాపుల్లో తెర సూక్ష్మత ఎక్కువ కావడంతో మా కిటికీలు, అక్షరాలు చిన్నగా కనిపిస్తున్నాయి. ఈ సైజు సర్దుబాటు క్యూటి 6లో ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది, క్యూటి 5లో మనమే పూనుకుని ఆన్ చేసి, ఒక్కో కిటికీని సరిచూసుకోవాలి. రెండవది భారం తగ్గించుకోవడం. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2020 జనవరి 14న ఆగిపోయింది. డబ్బు కట్టి పొడిగించుకున్న సంస్థలకు కూడా 2023 జనవరి 10తో గడువు తీరింది. క్రోమ్‌లో 109, గో భాషలో 1.20, పైథాన్‌లో 3.8 వెర్షన్లే దానికి చివరివి. క్యూటి 6 అయితే మొదటి నుంచీ విండోస్ 10 లేనిదే నడవదు.

"అన్నా, లోకమంతా వదిలేసినదాన్ని మనం ఎన్ని రోజులని మోస్తం?" అన్నాడు మాలో చిన్నవాడు. మహబూబ్‌నగర్ వైపు గిరాకీలను చూసుకునే పెద్దాయన, "తమ్మీ, సీజన్‌ల రాత్రి పదకొండు గంటలకు ఫోన్ నాకొస్తది, లోకానికి రాదు" అన్నాడు. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. కానీ ఆ రోజు మేము చేసిన పొరపాటు ఒకటుంది. మా గిరాకీల దగ్గర ఏ కంప్యూటర్ మీద ఏ పని జరుగుతున్నదో ఎవరి దగ్గరా లెక్క లేదు. లెక్క లేకుండానే చేతులెత్తి ఓటు వేసుకున్నాము. మొత్తం టూల్‌కిట్‌ను క్యూటి 6కు మార్చి, విండోస్ 7ను ఆపేయాలని ముగ్గురం, వద్దని ఇద్దరు. ఆ ముగ్గురిలో నేనూ ఉన్నాను.

మార్చడానికి అడ్డంకి ఏదీ కనబడలేదు. 2020 డిసెంబరులో వచ్చిన క్యూటి 6.0లో సీరియల్ పోర్టు మాడ్యూల్ లేదు, 2021లో వచ్చిన 6.2తో అది తిరిగి చేరింది. 2023 నాటికి మాకు కావలసినవన్నీ ఉన్నాయి కాబట్టి యాసంగి వడ్లు రాకముందే మార్చి నెలలో కొత్త వెర్షన్ సిద్ధం చేశాము.

మొదటి ప్రయత్నం: ఒక్కసారిగా మారడం

యజమానిని ఒప్పించి కాటా గదిలో వేరే పెట్టెను, విండోస్ 10తో పెట్టాము. దానికి సీరియల్ పోర్టు లేదు కనుక సీరియల్ తీగను యూఎస్‌బీకి కలిపే పాత కన్వర్టర్ మిల్లులోనే పడి ఉంటే దాన్ని వాడాము. అది విండోస్ 7లో పనిచేసినదే. కొత్త విండోస్‌లో తాజా డ్రైవర్, అంటే పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, దానిలోని పాత చిప్‌ను ఒప్పుకోక, డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు చూపించింది. ఊళ్లోకి వెళ్లి కొత్తది తెచ్చాము. అది పనిచేసింది గానీ, మిల్లులో పెద్ద మోటారు ఆన్ చేసినప్పుడల్లా పోర్టు మాయమై, తీగ పీకి మళ్లీ గుచ్చితే తప్ప వచ్చేది కాదు.

రెండవ దెబ్బ ఊహించనిది. మా చిట్టీ లేఅవుట్ గౌతమి ఫాంటు అక్షరాల వెడల్పును బట్టి చేసినది. విండోస్ 7లో గౌతమి సిస్టమ్‌తోనే వస్తుంది. విండోస్ 10లో దాన్ని తెలుగు అదనపు ఫాంట్ల కట్టలోకి మార్చారు, విడిగా వేసుకుంటేనే ఉంటుంది. లేనప్పుడు దాని స్థానంలో నిర్మలా యూఐ వచ్చి చేరుతుంది. అక్షరాలు చక్కగానే కనిపిస్తాయి గానీ వెడల్పు వేరు. లారీ నంబరు వరుస కిందికి జారింది, చిట్టీ పొడవు ఒక వరుస పెరిగింది, చిల్లుల కాగితం మీద ఒక్కో చిట్టీకి ఒక్కో వరుస చొప్పున జరుగుతూ పదో చిట్టీకల్లా సంతకం గీత పక్క కాగితం మీద పడింది.

మూడో రోజు ఉదయం గుమాస్తా ఫోన్ చేసి, "సార్, గేటు దాకా లారీలున్నయి, పాత డబ్బనే పెట్టుకుంటున్న, ఏమనుకోవద్దు" అన్నాడు. ఆయన అప్పటికే పాత తీగను బిగించేశాడు. పనిచేస్తున్న వ్యవస్థను వడ్లు దిగే రోజుల్లో కదిలించామన్న విషయం నాకు ఆ మాటతో బోధపడింది. మార్చిలో మేము కంప్యూటర్ వయసును చూశాము. ఆ గదిలో జరిగే పని ఏ క్యాలెండర్ ప్రకారం నడుస్తుందో చూడలేదు.

మధ్యలో విడిచిపెట్టిన రెండు దారులు

ఆ వేసవిలో రెండు ఇతర ఆలోచనలు చేశాము. మొదటిది మొత్తాన్ని బ్రౌజర్‌లోకి మార్చడం. క్రోమ్‌లో 89వ వెర్షన్ నుంచి వెబ్ పేజీ నేరుగా సీరియల్ పోర్టును చదవగలదు, విండోస్ 7కు చివరిదైన 109లో కూడా ఆ సౌకర్యం ఉంది. సాంకేతికంగా వీలే. అయినా భద్రతా సవరణలు ఇక రాని బ్రౌజర్‌ను, భద్రతా సవరణలు ఇక రాని విండోస్ మీద పెట్టి, దానికి ఇంటర్నెట్ తగిలించమని గిరాకీకి చెప్పడానికి నాకు మనసొప్పలేదు. ఆ పాత పెట్టెకు ఉన్న పెద్ద రక్షణ అది ఇంటర్నెట్‌కు దూరంగా ఉండటమే.

రెండవది విండోస్‌కు బదులు లైనక్స్ పెట్టడం. అదే పాత పెట్టెలో వేరే డిస్కు పెట్టి ప్రయత్నించాము. పోర్టు హక్కుల కోసం వాడుకరిని సంబంధిత గ్రూపులో చేర్చిన తరువాత బరువు చక్కగా వచ్చింది. విండోస్ 10 తిరస్కరించిన పాత కన్వర్టర్ కూడా మారుమాట లేకుండా పనిచేసింది. కానీ తీరిక వేళల్లో గుమాస్తా అదే పెట్టెలో హమాలీల కూలి లెక్కలు రాసుకుంటాడు, ఆ లెక్కల సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుంది. మా సౌకర్యం కోసం ఆయన పనిని ఆపడం తగదని డిస్కు తీసేశాము.

రెండవ ప్రయత్నం: రెండు శాఖలు

చివరికి రాజీ మార్గం పట్టాము: కోడ్‌కు రెండు విడి ప్రతులు, అంటే రెండు శాఖలు. విండోస్ 7 కోసం క్యూటి 5.15తో పాత శాఖ, కొత్త కంప్యూటర్ల కోసం క్యూటి 6తో కొత్త శాఖ. కొత్త సౌకర్యాలు కొత్తదానిలోనే, తప్పుల సవరణలు మాత్రం రెండింటిలోనూ చేయాలని రాసుకున్నాము. అందరూ సంతోషించారు. చాలా జట్లు ఈ పద్ధతిలోనే నడుస్తాయి, జట్టులో మనుషులు ఎక్కువ ఉంటే నడుస్తుంది కూడా. మేము ఐదుగురం, అందులో సీజన్‌లో కోడ్ ముట్టుకోవడానికి తీరిక దొరికేది ఇద్దరికే.

మొదట బయటపడింది పేర్ల తేడా. కొత్త శాఖలో ఒకరు డేటాబేస్‌కు తగ్గట్టు ఊరి పేరుకు 24 బైట్ల పరిమితి పెట్టారు. ఇంగ్లీషులో 24 బైట్లంటే 24 అక్షరాలు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్ 8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది. మిర్యాలగూడ అనే పేరులో గుణింతపు గుర్తులు, పొల్లు కలిపి పది సంకేతాలు, అంటే 30 బైట్లు. ఎనిమిది సంకేతాల దగ్గర తెగితే మిగిలేది మిర్యాలగ. కాటా గదిలో అచ్చయిన అసలు చిట్టీలో ఊరి పేరు పూర్తిగా ఉంది, ఆఫీసు ల్యాప్‌టాప్ నుంచి తీసిన నకలులో తెగిపోయి ఉంది. బరువులో ఒక్క కిలో తేడా లేకపోయినా, రెండు కాగితాలు ఒకలా లేవని లారీ డ్రైవర్ నకలును తీసుకోలేదు. తూకం చిట్టీ మీద నమ్మకం అక్షరాల మీద కూడా ఆధారపడి ఉంటుంది, ఆయన పట్టుపట్టడం తప్పు కాదు.

రెండవది దీనికంటే చాలా తీవ్రమైనది, నన్ను నిద్రపోనివ్వనిది. ఇండికేటర్ సెకనుకు దాదాపు పది సార్లు బరువును పంపుతుంటుంది: ఒక మొదలు గుర్తు, ప్లస్ లేదా మైనస్, ఏడు అంకెలు, చివరి గుర్తు. వరుసగా కొన్ని సార్లు ఒకే బరువు వస్తే లారీ కదలకుండా నిలిచిందని భావించి ప్రోగ్రామ్ తనంతట తానే బరువును పట్టుకుంటుంది. ఒక సాయంత్రం ప్రింటర్‌లో కాగితం అయిపోయింది. అచ్చు వేసే పిలుపు తిరిగి వచ్చేదాకా మా ప్రోగ్రామ్ మరో పని చేయలేదు. ఆ నాలుగైదు నిమిషాల్లో లోడు లారీ కాటా దిగింది, ఖాళీ లారీ ఎక్కింది. వచ్చిన బరువులను మేము చదివేదాకా ఉంచడానికి పోర్టు డ్రైవర్ సాఫ్ట్‌వేర్ దగ్గర మేము కేటాయించిన నిల్వ స్థలం 4096 బైట్లు. అది మొదటి లారీ బరువులతో నిండిపోయింది, తరువాత వచ్చిన బరువులకు చోటు లేక పోయాయి. కాగితం పెట్టి సరే అనగానే ప్రోగ్రామ్ ఆ పాత బరువులను ఒక్క గుక్కలో చదివింది. అన్నీ ఒకే అంకె కదా, లారీ నిలకడగా ఉందని తేల్చి, ఖాళీ లారీ పేరు మీద లోడు బరువును పట్టేసింది.

"ఖాళీ లారీ 27 టన్నులు ఎట్లుంటది సార్?" అని గుమాస్తా వెంటనే అడిగాడు. ఆయనకు అనుభవం ఉండబట్టి చిట్టీ బయటికి పోలేదు. కొత్తగా చేరిన పిల్లవాడు ఆ కుర్చీలో ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. ఈ తప్పును కొత్త శాఖలో ఆరు వారాల కిందటే మాలో ఒకరు పట్టుకుని, ప్రతి బరువుకూ అది వచ్చిన సమయం జోడించి సరిచేశారు. సవరణ పాత శాఖలోకి రాలేదు. రాయాల్సిన జాబితాలో ఉంది, సీజన్ పనిలో వెనకబడింది. ఎవరినీ తప్పుపట్టడానికి వీల్లేదు, ఆ జాబితాను చూడవలసిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. అతి ముఖ్యమైన సవరణ అతి పాత కంప్యూటర్‌కు అందరికంటే ఆలస్యంగా చేరేలా మా పద్ధతే ఉందని అప్పుడు తెలిసింది. అసలు తూకం జరిగేది ఆ పాత కంప్యూటర్ మీదే.

పనిచేసిన మార్గం

2023 డిసెంబరులో, వానాకాలం వడ్ల రద్దీ తగ్గాక, ఓటు వేసుకోవడానికి ముందు లెక్క తీశాము. ఐదుగురం మా మా గిరాకీల కాటా గదులకు వెళ్లి ఒక నోటుబుక్కులో రాసుకొచ్చాము: ఏ విండోస్, ఎన్ని బిట్లు, సీరియల్ పోర్టు బోర్డు మీదిదా కన్వర్టర్‌దా, ప్రింటర్ తొమ్మిది పిన్నులదా ఇరవై నాలుగు పిన్నులదా, ఆ కంప్యూటర్ మీద ఇంకా ఎవరు ఏ పని చేస్తారు. చివరి గడినే ఎక్కువ చోట్ల నింపవలసి వచ్చింది.

ఆ నోటుబుక్కును ముందు పెట్టుకుని చూస్తే ప్రశ్న మారిపోయింది. అప్పటిదాకా విండోస్ 7ను ఉంచాలా, తీసేయాలా అని మొత్తం టూల్‌కిట్‌కు కలిపి అడుగుతున్నాము. నిజానికి పాత కంప్యూటర్లలో జరగాల్సింది రెండే పనులు: బరువు చదవడం, చిట్టీ అచ్చు వేయడం. రిపోర్టులు, లెడ్జర్లు, పెద్ద తెరలు అన్నీ ఆఫీసు కంప్యూటర్లలోనే చూస్తున్నారు. మద్దతు ఇవ్వాల్సింది భాగాలకు, మొత్తానికి కాదు.

అందుకని బరువు చదివే భాగాన్ని విడిగా, సీ భాషలో, క్యూటి ఏదీ లేకుండా చిన్న 32 బిట్ ప్రోగ్రామ్‌గా రాశాము. అది విండోస్ 7 నుంచి ఈనాటి విండోస్ దాకా ఒకే ఫైలుగా నడుస్తుంది. పోర్టు నుంచి వచ్చే ప్రతి బరువునూ వచ్చిన క్షణమే చదివి, సమయం వేసి, అదే కంప్యూటర్‌లోని తెర ప్రోగ్రామ్‌కు ఒక్కో వరుసగా అందిస్తుంది. ప్రింటర్ ఆగినా, తెర బిగుసుకున్నా దీనికి సంబంధం లేదు. తెర ప్రోగ్రామ్ ఒక సెకను దాటిన బరువును తీసుకోదు, పోర్టు కనబడకపోతే అంకెల స్థానంలో గీతలు చూపిస్తుంది. పాత అంకెను నిలిపి ఉంచడం కంటే ఏమీ చూపకపోవడం మేలని ఈ చోట గట్టిగా నిర్ణయించుకున్నాము.

అచ్చు భాగం ఎక్కువ శ్రమ తీసుకుంది. సిస్టమ్ ఫాంటును నమ్మడం మానేసి నోటో సాన్స్ తెలుగును ప్రోగ్రామ్‌తో పాటే ఇచ్చాము, దాని లైసెన్సు అందుకు అనుమతిస్తుంది. అక్షరాలను కూర్చడానికి క్యూటి లోపల వాడే హార్ఫ్‌బజ్‌నే మేమూ నేరుగా, ఒకే వెర్షన్‌లో పెట్టుకున్నాము. చిట్టీ మొత్తాన్ని ముందు చుక్కల బొమ్మగా తయారుచేసి, ఆ బొమ్మను ప్రింటర్‌కు పంపుతాము. తొమ్మిది పిన్నుల ప్రింటర్ మామూలు బొమ్మల పద్ధతిలో తల ఒకసారి పోతే ఎనిమిది చుక్కల ఎత్తు మాత్రమే వేస్తుంది. 'స్త్రీ' లాంటి అక్షరానికి పైన గుడిదీర్ఘం, మధ్యలో తలకట్టు లేని అక్షరం, కింద రెండు వత్తులు. ఎనిమిది చుక్కల్లో ఇమడదు. మూడు సార్లు తల పోనిచ్చి 24 చుక్కలు చేశాము. కాగితం జరిగే దూరాన్ని అంగుళంలో 216వ వంతుల లెక్కన 24కు పెడితే ఎనిమిది చుక్కలకు సరిగ్గా సరిపోయి, మూడు పట్టీల మధ్య తెల్ల గీత రాదు. అచ్చు కొంచెం నెమ్మదించింది. మొదటి వారం గుమాస్తా ఆ మాట అన్నాడు, నకలు అసలుకు అచ్చంగా సరిపోతున్నదని చూశాక ఊరుకున్నాడు.

తెర భాగానికి మాత్రం శాఖలను ఎత్తేసి ఒకే కోడ్‌ను ఉంచాము. అది క్యూటి 5.15తోనూ, 6తోనూ నిర్మాణమవుతుంది, అంటే ఒకే కోడ్ నుంచి రెండు ప్రోగ్రాములు తయారవుతాయి. కొత్త సౌకర్యాలు 6తో నిర్మించినప్పుడే కనిపిస్తాయి. ఏ సవరణ చేర్చినా రెండు నిర్మాణాలూ పూర్తి కావాలి, నమూనా చిట్టీలను రెండు కంప్యూటర్లలో అచ్చు ఫైళ్లుగా తీసి బైటు బైటుగా పోల్చాలి. ఒక్క బైటు తేడా వచ్చినా సవరణ చేరదు. దీనికోసమే నల్గొండలోని మా ఆఫీసులో ఒక గిరాకీ దగ్గర కొన్న పాత విండోస్ 7 పెట్టెను, ఒక తొమ్మిది పిన్నుల ప్రింటర్‌ను బల్ల మీద శాశ్వతంగా ఉంచాము.

మద్దతు మాటను కూడా రాతలో పెట్టాము. పైథాన్, రస్ట్ ప్రాజెక్టులు ఏ ప్లాట్‌ఫామ్‌కు ఎంతటి హామీ ఇస్తాయో శ్రేణులుగా రాసిపెట్టుకుంటాయి. ఆ పద్ధతిని మా అవసరానికి మలిచాము. మొదటి శ్రేణి అంటే తప్పు తేలితే సీజన్ అయినా సరే అదే రోజు చూస్తాము. రెండవ శ్రేణి అంటే నిర్మించి, పోల్చి ఇస్తాము గానీ కొత్త సౌకర్యాలుండవు. మూడవది చేస్తే చేస్తాము, మాట ఇవ్వలేము. 32 బిట్ విండోస్ 7లో బరువు, అచ్చు భాగాలు మొదటి శ్రేణిలోనూ, తెర రెండవ శ్రేణిలోనూ ఉన్నాయి. ఏ ప్లాట్‌ఫామ్‌నైనా ఒక శ్రేణి దించాలంటే ఒక సీజన్ ముందు గిరాకీకి చెప్పాలి, దించడం యాసంగి వడ్లు ముగిశాక, వానాకాలం కోతలు మొదలవకముందే జరగాలి.

నేర్చుకున్నవి, మిగిలినవి

ఈ కేసులో నన్ను ఎక్కువగా కదిలించింది సాంకేతిక విషయం కాదు. చర్చలో రెండు పక్షాలూ నిజాయితీగానే వాదించాయి, అయినా ఏడాది వృథా అయింది, ఎందుకంటే ఇద్దరమూ విండోస్ వెర్షన్ గురించి మాట్లాడాము గానీ గదిలో ఏ పని జరుగుతుందో చూసి రాలేదు. వదిలేద్దామన్నవాడికి భద్రత గురించిన భయం నిజమైనది. ఉంచుదామన్నవాడికి రాత్రి పూట వచ్చే ఫోన్ నిజమైనది. భాగాలుగా విడగొట్టాక ఇద్దరికీ కావలసింది దొరికింది. మరోచోట ఇదే పరిష్కారం పనికొస్తుందని చెప్పను. ఆ కాటా కంప్యూటర్‌కు ఇంటర్నెట్ ఉండి ఉంటే నేను విండోస్ 7ను ఉంచడానికి ఒప్పుకునేవాణ్ణి కాదు.

రెండు శాఖల పద్ధతిని ఎంచుకునేముందు మేము వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: బరువును తప్పుగా చూపే పొరపాటు దొరికితే, అన్ని చోట్లకూ సవరణ చేరడానికి ఎన్ని రోజులు పడుతుంది? దానికి మా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఉంది, ఒకే ఫైలు కనుక రెండు రోజులు.

విండోస్ 10కు కూడా 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగియడంతో అదే చర్చ మళ్లీ మొదలైంది. ఈసారి మా చిన్నవాడే ముందుగా నోటుబుక్కు బయటికి తీశాడు. అదే సమయంలో ఈ కేసులోని కాటా గది పెట్టె మదర్‌బోర్డు చెడిపోయింది. యజమాని దుమ్ము లోపలికి పోని చిన్న పెట్టెను, సీరియల్ పోర్టు కార్డు బిగించి ఉన్నదాన్ని తెప్పించాడు. తీగ మార్చి, బరువు చదివే ఫైలును పాత డిస్కు నుంచే నకలు చేసి పెట్టాము. మొదటి లారీ చిట్టీ వచ్చాక గుమాస్తా డ్రాయర్‌లోంచి ముందు వారం చిట్టీ ఒకటి తీసి, రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చూశాడు. గీతలు కలిశాయి. చిట్టీని డ్రైవర్ చేతికిచ్చి, తరువాతి లారీని రమ్మన్నాడు.